ఇంగ్లీషు మీదుగా కాదు, తెలుగులోంచే మలయ్

మలేషియాలో నా ఉద్యోగం మొదలై నాలుగో రోజు. క్లాంగ్ దగ్గర ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీ. బెల్టు మీద అట్టపెట్టె ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. అవతలి వైపు నుంచి సూపర్‌వైజర్ కేకేసి అడిగాడు, "దాహ్ తుతుప్?" అని. అప్పటికి నాకు వచ్చిన మలయ్ మాటలు పదో పన్నెండో. "తుతుప్" అంటే మూయడం అని తెలుసు. పెట్టె మూత గురించి అడుగుతున్నాడనుకుని "దాహ్, దాహ్" అని తలూపాను. ఆయన అడిగింది స్విచ్ కట్టేశావా అని. నేను కట్టలేదు. నా మాట నమ్మి పెట్టె లాగబోయిన నేపాలీ కుర్రాడి గ్లౌజు రోలర్ సందులోకి పోయింది. చప్పున చెయ్యి లాక్కున్నాడు కాబట్టి వేళ్లు దక్కాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చెప్పాల్సింది ఒక్క మాట: "బెలుమ్". ఇంకా కాలేదు అని అర్థం. ఆ మాట నా సంచిలోని పుస్తకంలో ఉంది. కానీ ఆ పుస్తకం విహారానికి వచ్చేవాళ్ల కోసం ఇంగ్లీషులో రాసినది. శుభోదయం, శుభరాత్రి, సముద్రతీరం ఎక్కడ, ఈ బొమ్మ ఎంత, ఇవన్నీ అయ్యాక ఎక్కడో చివరి పేజీల్లో ఉంది బెలుమ్. నేను అంతదాకా వెళ్లలేదు.

ఆరేళ్లు అక్కడ పనిచేసి వచ్చాను. ఇప్పుడు మా శ్రీకాకుళం పిల్లలు వీసా పనులు మొదలుపెట్టగానే నా దగ్గరికి వచ్చి "నాలుగు మాటలు నేర్పు అన్నా" అంటారు. వాళ్లకు మొదట చెప్పేది ఇదే: మలయ్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవద్దు. మన తెలుగులోంచి నేరుగా వెళ్తే దారి చాలా దగ్గర. ఇంగ్లీషులో లేని తేడాలు ఆ భాషలో ఉన్నాయి, అవే తేడాలు మన నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి.

ఇంగ్లీషులో "నో" అన్న ఒక్క మాటతో ఎన్నో పనులు గడిచిపోతాయి. మనకు అలా గడవదు. కాదు వేరు, లేదు వేరు, వద్దు వేరు. మలయ్‌లోనూ అంతే. కాదు అనడానికి "బుకన్". ఆ తప్పు నాది కాదు అనాలంటే "బుకన్ సాయ", నేను కాదు. లేదు అనడానికి "తక్ అద", జోరుగా మాట్లాడితే "తక్ దె". గ్లౌజులు లేవు, బస్సు లేదు, చిల్లర లేదు, అన్నిటికీ అదే. నాకొద్దు అంటే "తక్ నక్". ఎదుటివాడిని వద్దని వారించాలంటే "జాంగన్": "జాంగన్ సెంతుహ్" అంటే ముట్టుకోవద్దు, "జాంగన్ తెకన్" అంటే నొక్కవద్దు. ఫ్యాక్టరీలో ఎవరు జాంగన్ అని అరిచినా తర్వాతి మాట కోసం ఆగకండి, చేస్తున్న పని అక్కడే ఆపేయండి. ఇక ఇంకా లేదు అనడానికి మన బెలుమ్.

"అయిందా?" అని అడిగితే తెలుగువాడు "అయింది" అంటాడు, లేదా "ఇంకా కాలేదు" అంటాడు. మలయ్‌లో సరిగ్గా ఇదే జత. "సుదాహ్?" అని అడుగుతారు, మామూలు మాటల్లో అది "దాహ్" అవుతుంది. అయితే "దాహ్", కాకపోతే "బెలుమ్". పెళ్లయిందా అని అడిగినా, "సుదాహ్ కహ్విన్?" అంటే, పెళ్లికాని కుర్రాడు చెప్పాల్సిన జవాబు బెలుమే. అక్కడ ఒట్టి లేదు అనే "తిదక్" అంటే ఇక పెళ్లే చేసుకోడేమో అన్నట్టు వినబడుతుంది. "సుదాహ్ మాకన్?", అన్నం తిన్నావా, అన్నది అక్కడా పలకరింపే. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ అడిగినట్టే అడుగుతారు. వాళ్లు భోజనం పెడతారని కాదు, మీరు పెట్టాలనీ కాదు.

ఇంకొకటి, జీతంతో ముడిపడ్డది. మనం, మేము అన్న తేడా. ఇంగ్లీషుకు ఇది లేదు. మలయ్‌లో మనం అంటే "కిత", మేము అంటే "కామి". యజమాని ఎదుట నిలబడి మాకు జీతం ఇంకా రాలేదు అనాలంటే "కామి బెలుమ్ దాపత్ గాజి" అనాలి. కామి బదులు కిత అంటే ఆయనను కూడా కలుపుకుని మాట్లాడినట్టవుతుంది, మాటలో పదును పోతుంది. పని పంచుకునేటప్పుడు మాత్రం కిత మంచి మాట: "కిత బుఅత్ సామ-సామ", మనం కలిసి చేద్దాం. ఇంగ్లీషులో నేర్చుకున్నవాళ్లు ఈ రెండూ తారుమారు చేసి నెలల తరబడి తిప్పలు పడటం చూశాను. తెలుగువాడికి ఒక్కసారి చెబితే చాలు.

గౌరవం సంగతీ అంతే. పుస్తకాల్లో మీరు అనడానికి "అంద" అని ఉంటుంది. అది ప్రకటనల్లో, ఫారాల్లో ఉండే మాట. మనిషి ముఖం మీద వాడితే పొడిపొడిగా ఉంటుంది. "అవక్" అన్నది సాటివాళ్ల మధ్య చెల్లుతుంది. "కావ్" అంటే మన ఒరే, నువ్వు లాంటిది, కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదు. మరి ఎలా పిలవాలి? మనలాగే వరసలతో. కాస్త పెద్దవాడైన తోటి పనివాడు "అబంగ్", అంటే అన్న. పిలుపులో ఒట్టి "బంగ్" అవుతుంది. క్యాంటీన్ అక్క "కక్". వయసు మళ్లిన ఆయన "పక్‌చిక్", ఆవిడ "మక్‌చిక్", మన బాబాయి, పిన్ని లాగా. చిన్నవాడు "అదిక్". ఆఫీసులో మగవారైతే "ఎంచిక్", పెళ్లయిన స్త్రీ అయితే "పుఅన్". సూపర్‌వైజర్‌ను అందరూ "బోస్" అంటారు, మీరూ అనండి. ఏదైనా ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ కుడిచెయ్యి వాడటం మనకు కొత్తగా నేర్పక్కర్లేదు. మనుషుల వైపు చూపుడువేలు చాపకండి. అక్కడివాళ్లు కుడి పిడికిలి మూసి బొటనవేలితో చూపిస్తారు.

తేడాలు లేవా అంటే ఉన్నాయి. మనం వేడి కాఫీ అంటాం, వాళ్లు "కోపి పానస్" అంటారు, కాఫీ ముందు, వేడి వెనక. క్రియ వాక్యం చివర్న రాదు, మధ్యలోనే వచ్చేస్తుంది: "సాయ మాకన్ నాసి", నేను తింటాను అన్నం. కానీ ఆ క్రియకు కాలం లేదు, లింగం లేదు, తిన్నాను తింటాను తినబోతాను అన్నిటికీ మాకన్ ఒక్కటే. పక్కన దాహ్ పెడితే అయిపోయింది, "నంతి" పెడితే తర్వాత, "ఎసోక్" పెడితే రేపు. మన భాషలో ఒక్కో క్రియకు ఉండే రూపాలతో పోలిస్తే ఇది ఎంత తేలికో చూడండి.

వరి పండించిన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో ఆనందం ఉంది. ఇంగ్లీషులో వరి, బియ్యం, అన్నం మూడింటికీ ఒకే మాటతో సరిపెట్టేస్తారు. మలయ్‌లో చేలో ఉన్నది "పాది", దంచినది "బెరస్", వండినది "నాసి". కిరాణా దుకాణంలో నాసి అడిగితే నవ్వుతారు. అక్కడ బెరస్ అడగాలి. ఈ మూడు మాటలు మొదటిసారి విన్నరోజు నాకు పరాయి దేశంలో ఉన్నట్టనిపించలేదు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఆ భాషలో వందల్లో ఉన్నాయి. "బహాస" మన భాష. మలయ్‌నే అక్కడ బహాస మలేషియా అంటారు. "నామ" పేరు, "గురు" ఉపాధ్యాయుడు, "కెర్జ" మన కార్యం, అంటే పని. "ఉతార" ఉత్తర దిక్కు, "పెర్తామ" ప్రథమం. పనిచోట గోడల మీద కనిపించేవి ఇంకా ముఖ్యం. "బహాయ" అని ఎర్ర అక్షరాలతో ఉంటే ప్రమాదం. మన భయమే అది. "దెండ" అంటే జరిమానా, మన దండం, దండుగ. బస్సులో సిగరెట్ వెలిగిస్తే ఎన్ని రింగిట్‌ల దెండ అన్నది బోర్డు మీద రాసి ఉంటుంది. "జాగ" అంటే కాపలా, మన జాగరణ. "కుంచి" అంటే తాళంచెవి. వీటితోపాటు సంస్కృతం కానివి నాలుగు గుర్తుంచుకోండి: "అవస్" జాగ్రత్త, "దిలారంగ్ మాసుక్" లోపలికి రాకూడదు, "కెలువార్" బయటికి దారి, "కెచెమాసన్" అత్యవసరం. తలుపు మీద "తోలక్" అని ఉంటే తొయ్యాలి, "తారిక్" అని ఉంటే లాగాలి. గది సామాన్లలోనూ చుట్టాలు దొరుకుతారు: "కెరుసి" కుర్చీ, "అల్మారి" అల్మారా, "తుఆల" తువ్వాలు, "సాబున్" సబ్బు. హిందీ "ఛుట్టీ" అక్కడికి పోయి "చుతి" అయింది, అంటే సెలవు.

అయితే చుట్టంలా కనిపించి మోసం చేసేవీ ఉన్నాయి. "దోస" అంటే పాపం. తినే దోసె కావాలంటే "తోసై" అనాలి. "సుఅమి" స్వామి కాదు, భర్త, "ఇస్తెరి" భార్య. "సెంగ్సార" మన సంసారం నుంచే వెళ్లింది, కానీ అక్కడ దాని అర్థం యాతన. మా ప్రాంతానికి సంబంధించిన ఒక మాట గురించి కూడా చెప్పాలి. కళింగం పేరు మీదుగా ఏర్పడి, ఒకప్పుడు మన తీరం నుంచి వెళ్లినవాళ్లను పిలిచిన పాత మాట ఒకటి ఉంది: "కెలింగ్". ఇప్పుడది భారతీయులను కించపరిచే తిట్టు. ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకండి, మీరూ సరదాకు అనకండి. మనం "ఓరంగ్ ఇండియా".

పలకడం గురించి ఎక్కువ చెప్పను, చెవితో వస్తుంది. రాత ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది, కాబట్టి మనవాళ్లు ఇంగ్లీషులా చదివేస్తారు, అదే చిక్కు. "సి" అక్షరం ఎక్కడున్నా చ అనే పలకాలి. మాట చివర "కె" వస్తే క అని గట్టిగా అనకుండా గొంతులో ఆపేయాలి. తక్, ఎంచిక్ అలాంటివే. ఏ, ఐ, ఆర్ అని మూడు అక్షరాలు కనిపిస్తే అది గాలి కాదు, మంచినీళ్లు. "అయెర్" అని పలకాలి. కౌలాలంపూర్ వైపు మాట చివరి అకారం ఎకారంలా వినిపిస్తుంది: సాయ కాస్తా సాయె, అప కాస్తా అపె. కెలాంతాన్ వైపు యాస మరీ వేరు. కంగారు పడక్కర్లేదు, పుస్తకం మలయ్ మాట్లాడితే ఎక్కడైనా అర్థం చేసుకుంటారు.

పని నేర్చుకునేటప్పుడు నన్ను కాపాడిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. మొదటిది "సాయ తక్ ఫహమ్", నాకు అర్థం కాలేదు. ఇది చెప్పడానికి సిగ్గుపడినన్నాళ్లూ ప్రమాదమే. దాని వెంటనే "తోలోంగ్ చాకప్ సెకాలి లాగి", దయచేసి ఇంకోసారి చెప్పండి. "తోలోంగ్" మన దయచేసి. అదే మాట గట్టిగా అరిస్తే కాపాడండి. "మాచమ్ మాన?" అంటే ఎలా, "మాచమ్ ఇని?" అంటే ఇలాగేనా. పని చేసి చూపించి "మాచమ్ ఇని?" అని అడిగితే ఏ సూపర్‌వైజరూ విసుక్కోలేదు. "బోలె" అన్నది ఆ దేశమంతా తిరిగే మాట: చేయవచ్చా, కుదురుతుందా, సరేనా, అన్నిటికీ. "బోలె తక్?" అని అడగండి, "బోలె" అంటే సరే, "తక్ బోలె" అంటే కుదరదు. "తక్ అపె" అంటే పర్లేదు. "మఆఫ్" అంటే క్షమించండి, మన మాఫీ. "తెరిమ కసిహ్" అంటే ధన్యవాదాలు, దానికి జవాబు "సామ-సామ".

అంకెలు మొదటి వారంలోనే పట్టేయాలి: సతు, దుఅ, తిగ, ఎంపత్, లిమ, ఎనమ్, తుజుహ్, లాపన్, సెంబిలన్, సెపులుహ్. వంద "సెరాతుస్", వెయ్యి "సెరిబు". టైము అడగడం "పుకుల్ బెరాప?". ఎనిమిదిన్నరకు "లాపన్ సెతెంగహ్", ఎనిమిది, అర, మన లెక్కే. షిఫ్టు తప్పకుండా ఉండాలంటే ఇవి రావాలి. కెడా, కెలాంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మిగతాచోట్ల శని, ఆదివారాలు. శుక్రవారం "జుమఅత్", శనివారం "సబ్తు", ఆదివారం "అహద్".

జీతం చీటీని "స్లిప్ గాజి" అంటారు. అందులో "గాజి పోకోక్" అసలు జీతం, "ఎలౌన్" అలవెన్సు, "కెర్జ లెబిహ్ మాస" ఓవర్‌టైము, "పోతోంగన్" కోతలు, "గాజి బెర్సిహ్" చేతికొచ్చేది. పోతోంగన్ కింద ఎన్ని వరసలు ఉన్నాయో ప్రతి నెలా చదవండి. అర్థం కాని వరస మీద వేలుపెట్టి "ఇని పోతోంగన్ అప?", ఇదేం కోత, అని అడగండి. 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ కనీస వేతనం నెలకు 1,700 రింగిట్‌లు. 2023 జనవరి నుంచి వారానికి పనిగంటలు 45కు మించకూడదు, మామూలు రోజుల్లో ఓవర్‌టైముకు గంట రేటు ఒకటిన్నర రెట్లు. నెల ముగిశాక 7 రోజుల్లోగా జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే వెళ్లాల్సిన చోటు "జబతన్ తెనాగ కెర్జ", కార్మిక శాఖ. ఆ పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి, టాక్సీవాడికి చూపించినా చాలు.

ఒంట్లో బాగా లేకపోతే "సాకిత్". నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి "సాకిత్ సిని" అంటే ఇక్కడ నొప్పి. "సాకిత్ కెపాల" తలనొప్పి, కపాలం గుర్తుంచుకోండి. "సాకిత్ పెరుత్" కడుపునొప్పి, "దెమమ్" జ్వరం, "దారహ్" రక్తం. మందుల కవరు మీద "తిగ కాలి సెహారి" అంటే రోజుకు మూడుసార్లు, "సెబెలుమ్ మాకన్" భోజనానికి ముందు, "సెలెపస్ మాకన్" భోజనం తర్వాత. ఈ రెండూ కలగాపులగం చేసుకుని పరగడుపున నొప్పి మాత్రలు మింగి కడుపు పాడుచేసుకున్నవాళ్లు మా గదిలోనే ఇద్దరు. చేరిన మొదటి రెండేళ్లలో డాక్టరు చీటీ మీద ఏడాదికి 14 రోజుల జీతంతో కూడిన "చుతి సాకిత్" చట్టప్రకారం ఉంది. చీటీ పోగొట్టుకోవద్దు. ప్రమాదానికి ఫోన్ 999.

తిండి విషయంలో మాంసం తిననివాళ్లు "సాయ తక్ మాకన్ దాగింగ్" అంటే చాలనుకోకండి. దాగింగ్ అంటే చాలామందికి గొడ్డుమాంసమే. కోడి, చేప వేరేగా చెప్పాలి. కాబట్టి "తక్ మాకన్ అయమ్, ఇకన్, దాగింగ్, సాయుర్ సహజ", కూరగాయలు మాత్రమే అనండి. కారం పచ్చడిలా కనిపించే సంబల్‌లో తరచూ "బెలాచన్" కలుస్తుంది, అది రొయ్యల ముద్ద. టీ అడిగితే తియ్యటి చిక్కటి పాలు పోసి ఇస్తారు, "కురంగ్ మానిస్" అంటే తీపి తగ్గిస్తారు. పార్సిల్‌కు "బుంగ్‌కుస్". బిల్లుకు "కిర".

ఫోన్‌లో నేర్చుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. చాలా యాప్‌లలో మలయ్ బదులు ఇండోనేషియన్ ఉంటుంది. అక్కాచెల్లెళ్ల భాషలే, ఎనభై పాళ్లు పనికొస్తుందనిపిస్తుంది, కానీ కావలసిన చోటే దెబ్బతీస్తుంది. మలేషియాలో "పెర్చుమ" అంటే ఉచితం; ఇండోనేషియాలో అదే మాటకు వృథా అని అర్థం. అక్కడ కుదురుతుంది అనే "బిస" మలేషియాలో విషం.

ఇంకొక విషయం, మాటల కన్నా ముందు చూసుకోవాల్సింది. వీసా లేకుండా 30 రోజులు మలేషియా తిరిగి రావచ్చు అన్నది 2023 డిసెంబర్ నుంచి భారతీయులకు ఉంది. అది చూడటానికి మాత్రమే. అలా పంపించి అక్కడ పర్మిట్ చేయిస్తామనే ఏజెంటు దగ్గర డబ్బు కట్టవద్దు. పనికి వెళ్లేవాడి పాస్‌పోర్టులో "పాస్ లవాతన్ కెర్జ సెమెంతార" ఉండాలి. అందులో కెర్జ అన్న మాట ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పాస్‌పోర్టు ఇంకొకరు తమ దగ్గర పెట్టుకోవడం అక్కడి 1966 చట్టం ప్రకారం నేరం. "పాస్‌పోర్ట్ సాయ, సాయ సింపన్ సెందిరి", నా పాస్‌పోర్టు నేనే దాచుకుంటాను, అన్న వాక్యం విమానం ఎక్కేలోపు నోటికి రావాలి. దగ్గర్లో తెలుగు మాట్లాడేవాళ్లు దొరికితే వదులుకోకండి. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దతుక్ వైపు తోటల్లో పనికి వెళ్లిన మనవాళ్ల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మలయ్. వాళ్లకన్నా మంచి గురువులు ఉండరు.

ఇక దిగిన కొద్ది రోజుల్లోనే ఒక కాగితం మీ ముందుకు వస్తుంది. "తందతాంగన్ సిని" అంటారు, ఇక్కడ సంతకం పెట్టు అని. తంద అంటే గుర్తు, తాంగన్ అంటే చెయ్యి. మన చేవ్రాలు లాంటి మాటే. కలం తీసుకునే ముందు "సాయ బాచ దులు" అనండి, ముందు చదువుకుంటాను అని. బాచ అంటే చదవడం, మన వాచకంలోని మాటే అది. ఆ కాగితంలో గాజి, పోతోంగన్, చుతి అన్న మూడు మాటలు ఎక్కడున్నాయో వెతికి, వాటి పక్కనున్న అంకెలు ఇక్కడ మీకు చెప్పినవేనా చూసుకోండి. వేరుగా ఉంటే సంతకం పెట్టకుండా "నంతి" అనండి. సరిగ్గా ఉంటే పెట్టాక "మింత సతు సాలినన్", ఒక నకలు ఇవ్వండి, అని చెయ్యి చాపి అక్కడే నిలబడండి.